చిన్నపిల్లతో ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్ర: సోమ్యూర్ నుంచి బ్లువా దాకా ల్వార్ నది వెంట

పిల్లలతో సైకిల్ యాత్ర అనగానే చాలామంది మ్యాపు ముందేసుకుని రోజుకు ఎన్ని కిలోమీటర్లు అని లెక్కకు కూర్చుంటారు. లెక్క అక్కడ మొదలుపెడితే మూడో రోజుకే యాత్ర చెడుతుంది. ముందు రాసుకోవాల్సింది పిల్ల దినచర్య. ఎన్నింటికి లేస్తుంది, ఎప్పుడు ఆకలంటుంది, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటుంది, బెల్టు పెట్టి కూర్చోబెడితే ఎన్ని నిమిషాలకు గొడవ మొదలుపెడుతుంది. వీటన్నిటి మధ్య మిగిలే సమయంలో ఎంత దూరం పడుతుందో అదే ఆ రోజు దూరం. ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు అది 20 నుంచి 28 కి.మీ. మధ్య ఉంటుంది. ఒక్కరే వెళ్తే గంటన్నరలో తొక్కేసే దూరమే. పిల్లతో అదే ఒక పూర్తి రోజు.

ఏడాది లోపు బిడ్డను మాత్రం తీసుకెళ్లకండి. మెడ గట్టిపడి, ఆసరా లేకుండా కూర్చుని, నెత్తిన హెల్మెట్ బరువు మోయగలిగాకే సైకిల్ మాట.

దారి ఎంచుకోవడం

ఫ్రాన్స్‌లో సైకిల్ దారులకు కొదవ లేదు. మొదటిసారి పిల్లతో వెళ్లేవాళ్లకు మాత్రం ల్వార్ లోయే సరైనది. నెవేర్ దగ్గరి క్యుఫీ నుంచి అట్లాంటిక్ తీరంలోని సాం-బ్రెవాం దాకా సుమారు 900 కి.మీ. పొడవున 'ల్వార్ ఆ వెలో' అనే గుర్తుపెట్టిన దారి ఉంది. ఇందులో పెద్ద భాగం అట్లాంటిక్‌ను నల్లసముద్రంతో కలిపే యూరోవెలో 6 అనే పొడవైన సైకిల్ దారిలో కలిసే ఉంటుంది. మనకు కావాల్సింది సోమ్యూర్ నుంచి బ్లువా వరకు ఉన్న నడుమ ముక్క, సుమారు 160 కి.మీ. చాలాచోట్ల కరకట్ట మీదో, నది పక్క పొలాల్లోనో, కార్లు అరుదుగా వచ్చే పల్లె రోడ్ల మీదో సాగుతుంది.

ఎక్కువమంది ఈ దారిలో తూర్పు నుంచి పడమరకు, అంటే నది పారే వైపుకు వెళ్తారు. పిల్లతో వెళ్లేవాళ్లు ఎదురు దిశలో, సోమ్యూర్ నుంచి బ్లువాకు వెళ్లడం మంచిది. నదివాలు ఇక్కడ ఎంత తక్కువంటే, ఎగువకు తొక్కుతున్నామన్న సంగతి కాళ్లకు తెలియదు. గాలి మాత్రం తెలుస్తుంది. ఈ ప్రాంతంలో గాలి ఎక్కువగా అట్లాంటిక్ వైపు నుంచి, పడమర నుంచి వీస్తుంది. పిల్లను కూర్చోబెట్టి సైకిల్ వెనక లాగే ట్రైలర్ గాలికి అడ్డుగా నిలబడే పెద్ద డబ్బా కాబట్టి చెట్టూ చేమా లేని కరకట్ట మీద ఎదురుగాలి తగిలితే 12 కి.మీ. వేగం 8కి పడిపోతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే చేతికి అందిన సాయం. ఇంకో లాభం కూడా ఉంది: యాత్ర ముగిసే బ్లువా నుంచి పారిస్ ఓస్టెర్లిట్జ్ స్టేషన్‌కు నేరుగా రైళ్లున్నాయి.

ఈ ముక్కనే ఎంచుకోవడానికి అసలు కారణం రైలు. సోమ్యూర్, పోర్-బులే, లాంజె, తూర్, మోన్‌లూయీ, అంబ్వాజ్, ఓన్‌జాం, బ్లువా స్టేషన్లు వరసగా నది వెంటే ఉంటాయి. పిల్లకు జ్వరం వచ్చినా, మూడు రోజులు ముసురు పట్టినా, చక్రం వంగినా ఒకటి రెండు గంటల్లో ఏదో ఒక స్టేషన్ చేరవచ్చు. ఈ వసతి లేని అందమైన దారులు ఫ్రాన్స్‌లో బోలెడు. వాటిని పిల్ల సొంతంగా తొక్కే వయసుకు దాచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

మే నడుమ నుంచి జూన్ నడుమ వరకు, లేదంటే సెప్టెంబర్ మొదటి మూడు వారాలు. జూలై, ఆగస్టులు ఫ్రెంచ్ బడి సెలవులు. క్యాంపింగ్ స్థలాలు నిండిపోతాయి, అక్కడి చిన్న ఇళ్లను చాలాచోట్ల వారానికి తక్కువ ఇవ్వరు, పైగా వడగాడ్పు రోజులొస్తాయి. మేలోనూ సెప్టెంబర్‌లోనూ ఉదయం 10 డిగ్రీల చలి ఉండొచ్చు. తొక్కేవాళ్లకు పది నిమిషాల్లో చెమట పడుతుంది, వెనక కదలకుండా కూర్చున్న పిల్లకు మాత్రం వణుకు పుడుతుంది. మీకంటే రెండు పొరలు ఎక్కువ వెయ్యండి, అరగంటకోసారి మెడ వెనక చెయ్యిపెట్టి చూడండి. చేతులు, ముక్కు చల్లగా ఉంటే పరవాలేదు. మెడ చల్లబడితే ఆగి ఇంకో పొర వెయ్యాలి.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లు షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిల్లకు విడిగా దరఖాస్తు ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాలసీ కొనేటప్పుడు సైకిల్ మీద జరిగే ప్రమాదాలు అందులో ఉన్నాయో లేదో చదవండి. కొన్ని పాలసీలు వాటిని సాహస క్రీడల కింద పక్కన పెడతాయి.

సీటా, ట్రైలరా?

మొదటి మాట: ఈ యాత్రకు ట్రైలరే. వెనక సీటు ఊళ్లో గంటసేపు తిరగడానికి బాగుంటుంది. రోజంతా తిరిగే యాత్రలో దాని లోపాలు బయటపడతాయి. నిద్రపోయిన పిల్ల తల పక్కకు వాలిపోతుంది. ఎండ, వాన నేరుగా తగులుతాయి. పిల్ల కాళ్లు అడ్డొచ్చి వెనక సంచులు సరిగా కట్టలేం.

ఇంకా పెద్ద ప్రమాదం సైకిల్ ఆగి ఉన్నప్పుడు జరుగుతుంది. స్టాండు వేసి, పిల్లను సీట్లోనే ఉంచి, సంచిలోంచి నీళ్ల సీసా తీద్దామని రెండు చేతులూ వదులుతారు. పిల్ల ఒక పక్కకు ఒరుగుతుంది, స్టాండు మట్టిలో దిగబడుతుంది, సైకిల్ పిల్లతో సహా పడిపోతుంది. సీటే వాడక తప్పకపోతే ఈ నియమం పెట్టుకోండి: పిల్లను ఆఖరున ఎక్కించాలి, ముందుగా దించాలి, మధ్యలో సైకిల్ మీద ఒకరి చెయ్యి ఎప్పుడూ ఉండాలి.

వెనక సీట్లు 9 నుంచి 22 కిలోల పిల్లలకు చేస్తారు. సీటు అంచు మీద బరువు కేంద్రాన్ని చూపే గుర్తు ఉంటుంది. అది వెనక ఇరుసు నుంచి 10 సెంటీమీటర్లు దాటి వెనక్కు వెళ్లకూడదు. వెళ్తే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. కార్బన్ ఫ్రేముకు ఈ సీట్లు బిగించకూడదు.

ట్రైలర్ విషయంలో ఇద్దరు పిల్లలకైతే జోడు సీటుది తప్పదు. ఒక్కరికైతే ఒంటి సీటుది తీసుకోండి. దారిలో కార్లు రాకుండా అడ్డంగా పెట్టిన గేట్లు, స్తంభాలు తగులుతుంటాయి. జోడు ట్రైలర్లు సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పుంటాయి కాబట్టి కొన్నిచోట్ల దిగి, పిల్లను దించి, ఏటవాలుగా తిప్పి దాటించాలి. ట్రైలర్ ఖాళీ బరువే 10 నుంచి 15 కిలోలు. దానికి పిల్ల, పిల్ల సామాను కలిపితే 30 దాటుతుంది.

నాలుగైదేళ్ల పిల్ల సొంత సైకిల్ తొక్కుతానంటే, పెద్ద సైకిల్ వెనక ఇరుసుకు పిల్ల సైకిల్ ముందు చక్రాన్ని ఎత్తి తగిలించే అమరికలున్నాయి. ఫాలోమీ అనేది అలాంటిదే. కార్లు లేనిచోట విప్పి వదలొచ్చు, రోడ్డు రాగానే తగిలించొచ్చు. కానీ అందులో నిద్రకు చోటు లేదు. మధ్యాహ్నం కునుకు మానని పిల్లకు అది సరిపడదు.

అద్దె, బిగింపు, తనిఖీ

విమానంలో సైకిళ్లు, ట్రైలర్, పిల్ల, సూట్‌కేసులు అన్నీ మోసుకెళ్లడం అనవసర ప్రయాస. ల్వార్ వెంట ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో అప్పగించే పద్ధతిలో అద్దెకిచ్చేవాళ్లున్నారు. తూర్ కేంద్రంగా నడిచే దెతూర్ ద ల్వార్ అందులో పేరున్నది. పెద్దల సైకిళ్లు ఎప్పుడైనా దొరుకుతాయి, పిల్లల ట్రైలర్లే తక్కువ. అందుకే తేదీలు ఖాయం కాగానే ముందు ట్రైలర్ బుక్ చెయ్యండి, తర్వాతే గదులు. హెల్మెట్ మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి. కొత్త హెల్మెట్‌ను పిల్ల మొదటిరోజు పెట్టుకోనంటే, ఆ మొండితనాన్ని బతిమాలి వదిలించడానికి ఇంట్లో పది రోజులు దొరుకుతాయి, సోమ్యూర్‌లో పది నిమిషాలు కూడా దొరకవు.

సైకిల్ తీసుకునేటప్పుడు తొందరపడకుండా ఈ వరసలో చూడండి.

1. ట్రైలర్ లాగే సైకిల్‌కు అన్నిటికంటే తేలిక గేరు ఎంతో చూడండి. ముందు పళ్ల చక్రంలో ఎన్ని పళ్లున్నాయో వెనక పెద్ద చక్రంలో కనీసం అన్ని ఉండాలి. వెనక ఎక్కువుంటే ఇంకా మేలు. లేకపోతే ద్రాక్షతోటల మిట్టల దగ్గర దిగి తొయ్యాల్సిందే.

2. ట్రైలర్ కొక్కెం వెనక ఇరుసుకు ఎలా పడుతుందో దగ్గరుండి చూసి, ఒకసారి మీరే విప్పి బిగించండి. ఇరుసు రకాన్ని బట్టి అడాప్టర్ మారుతుంది. పిన్ను పెట్టాక దాని పక్కనుండే నాడాను ఫ్రేము చుట్టూ తిప్పి తగిలించాలి. కొక్కెం విరిగినా ట్రైలర్ విడిపోకుండా పట్టేది ఆ నాడాయే. హడావుడిలో ఎక్కువమంది మరిచేదీ దాన్నే.

3. బ్రేకులు పట్టి ముందుకు నెట్టి చూడండి. దిగుడులో 30 కిలోల ట్రైలర్ వెనక నుంచి తోస్తుంది. బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వస్తుంటే అక్కడే బిగించమని అడగండి.

4. టైర్ల గాలి. సైకిల్ టైరు 38 నుంచి 47 మి.మీ. వెడల్పుదైతే గాలి ఒత్తిడి 3 నుంచి 4 బార్ల మధ్య చాలు. ట్రైలర్ టైరుకు అంత గాలి కొట్టకండి, టైరు పక్కన ముద్రించిన అంకె చూసి అంతే కొట్టండి. ఎక్కువ కొడితే ప్రతి గులకరాయికీ పిల్ల ఎగిరిపడుతుంది.

5. ట్యూబులు విడిగా అడగండి: పెద్ద చక్రానికి రెండు, ట్రైలర్ చక్రానికి రెండు. ట్రైలర్‌కు మామూలుగా 16 లేదా 20 అంగుళాల చక్రాలుంటాయి, ఆ సైజు ట్యూబు పల్లెల్లో దొరకదు. వాల్వు రకం కూడా చూసుకోండి. మన ఊళ్లో పాత సైకిళ్లకుండే వాల్వు వేరు, అక్కడ ఎక్కువగా కనిపించే సన్నటి ప్రెస్టా వేరు, కారు టైరుకుండే ష్రేడర్ వేరు. పంపు ప్రెస్టాకూ ష్రేడర్‌కూ పట్టేదై ఉండాలి.

అలవాటు లేనివాళ్లు ఇంటి దగ్గరే సాధన చెయ్యాలి. హైదరాబాద్ వాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. నార్సింగి వైపు తెల్లవారుజామున వెళ్లి రెండు గంటలు ఆగకుండా తొక్కగలరో లేదో చూసుకోండి. ట్రైలర్ చేతికొచ్చాక మొదట పిల్లను ఎక్కించకండి. 15 కిలోల సామాను పెట్టి అరగంట తిప్పండి. లోపలి వైపు చక్రం మలుపులో గట్టు అంచు ఎక్కితే ట్రైలర్ బోల్తాపడుతుందని ఆ అరగంటలోనే తెలిసిపోతుంది. మలుపు వెడల్పుగా తీసుకోవాలి, వేగం ముందే తగ్గించాలి.

సామాను

ట్రైలర్ లాగే మనిషి సైకిల్ మీద సంచులు ఉండకూడదు, ఉన్నా ఒక చిన్నదే. బట్టలు, టెంటు, వంట సామాను అన్నీ రెండో మనిషి సైకిల్ మీద. ఆ రెండో మనిషి ఎప్పుడూ ట్రైలర్ వెనకే తొక్కాలి. ట్రైలర్లో పిల్ల ఏం చేస్తోందో, బూటు ఎప్పుడు విసిరేసిందో, వెనక కారు ఎప్పుడొస్తోందో ముందున్న మనిషికి కనపడవు.

మనిషికి మూడు జతల బట్టలు చాలు, పిల్లకు ఐదు. డైపర్లు మూడు రోజులకు సరిపడా పెట్టుకుని దారిలో సూపర్‌మార్కెట్లో కొనుక్కోండి. ట్రైలర్ ముందు వల తెర ఎప్పుడూ మూసే ఉండాలి, లేకపోతే వెనక చక్రం లేపిన దుమ్ము, రాళ్లు నేరుగా మొహానికి కొడతాయి. మీ సైకిల్ వెనక మడ్‌గార్డ్‌కు కింద దాకా వేలాడే రబ్బరు ముక్క ఉంటే ఇంకా మంచిది. టెంటులో పడుకునేవాళ్లు నల్లగుడ్డ ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి. జూన్‌లో ఇక్కడ రాత్రి పది దాకా వెలుతురుంటుంది, పిల్ల దాన్ని రాత్రి అని ఒప్పుకోదు.

టెంటు అక్కర్లేదనుకుంటే దారి పొడవునా గదులున్నాయి. 'అక్యూయ్ వెలో' గుర్తు ఉన్నవి వెతకండి. ఆ గుర్తు పొందాలంటే దారికి 5 కి.మీ. లోపే ఉండాలి, సైకిళ్లకు తాళం వేసిన చోటు, రిపేరు పనిముట్లు ఉండాలి. ఒక రాత్రి టెంటు, ఒక రాత్రి గది అని మార్చుకోవడం కంటే అన్నీ గదులే తీసుకుని టెంటు బరువు వదిలించుకోవడమే తెలివైన పని. చిన్నపిల్లతో రోజూ టెంటు వేసి విప్పడానికి రెండు గంటలు పోతాయి, అవి పిల్ల ఆడుకోవాల్సిన గంటలు.

తిండి

ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది సూట్‌కేసు సర్దేటప్పుడే. యూరోపియన్ యూనియన్ బయట నుంచి మాంసం, పాల ఉత్పత్తులు వెంట తీసుకురావడం నిషేధం. అంటే నెయ్యి, పనీర్, కోవా మిఠాయిలు పనికిరావు. తాజా కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరదు. పసిపిల్లల పాలపొడికి, బేబీ ఫుడ్‌కు మినహాయింపు ఉంది: మనిషికి 2 కిలోల వరకు, సీలు విప్పని కంపెనీ డబ్బాల్లో, ఫ్రిజ్ అక్కర్లేనివైతే తేవచ్చు. కందిపొడి, పులిహోర పేస్టు, ఎండుమిరప కారం లాంటివి సరే. నెయ్యి బదులు అక్కడి వెన్న, పెరుగు బదులు 'యావూర్ నాత్యూర్' అనే తీపి లేని పెరుగు. పిల్ల అన్నానికి ఇవి చాలు.

పల్లెల్లో వేళలు కచ్చితం. దుకాణాలు పన్నెండున్నర ప్రాంతంలో మూసి రెండున్నర, మూడింటికి గానీ తెరవరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలా ఊళ్లలో రొట్టె దుకాణం కూడా మూతే. రెస్టారెంట్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు, రాత్రి ఏడు తర్వాత మాత్రమే వడ్డిస్తాయి. సాయంత్రం ఐదున్నరకు ఆకలితో ఏడ్చే పిల్లకు ఈ వేళలు పట్టవు కాబట్టి ట్రైలర్లో ఒక పూట భోజనం ఎప్పుడూ నిల్వ ఉండాలి: ఒక బాగెత్ (పొడుగాటి రొట్టె), జున్ను, అరటిపళ్లు, ఒక చిన్న సీసా బేబీ ఫుడ్. శనివారం సాయంత్రం సోమవారం దాకా సరిపడా కొనండి.

శాకాహారులు 'సాం వియాండ్, సాం పువాసోం' అని రెండూ చెప్పాలి, అంటే మాంసం వద్దు, చేప వద్దు. మాంసం వద్దని ఒక్కటే చెబితే చేప వచ్చే అవకాశం ఉంది. కూరగాయల కీష్ (గుడ్లు, మీగడ వేసి కాల్చిన వంటకం) అనుకుని తీసుకున్నదాంట్లో పందిమాంసపు ముక్కలుంటాయి, అడిగి తీసుకోండి. నీళ్లకు ఊరి శ్మశానం దగ్గర కుళాయి ఉంటుంది, మొహమాటం అక్కర్లేదు, అక్కడ అందరూ పట్టుకుంటారు. 'ఓ నోం పొతాబ్ల్' అని బోర్డు ఉంటే తాగకూడదు.

ఒక రోజు ఎలా నడవాలి

వేసవిలో మనకూ ఫ్రాన్స్‌కూ మూడున్నర గంటల తేడా. ఇంట్లో ఏడింటికి లేచే పిల్ల మొదటి రోజుల్లో మూడున్నరకే లేచి కూర్చుంటుంది. దాంతో పోట్లాడకండి. మొదటి రెండు రోజులు సోమ్యూర్‌లోనే ఆగండి.

తర్వాత రోజు ఇలా వేసుకోవచ్చు. ఎనిమిదిన్నరకు బయల్దేరి గంటా పావు తొక్కితే, గంటకు 10 నుంచి 12 కి.మీ. చొప్పున 12 నుంచి 15 కి.మీ. అవుతుంది. పది ప్రాంతంలో ఆగాలి. ఇది ఐదు నిమిషాల టీ విరామం కాదు, కనీసం గంటన్నర పిల్ల పరిగెత్తాలి. ఊరి ఆటస్థలం, ఇసుక, చెట్టు కింద గడ్డి, ఏదైనా సరే. పదకొండున్నరకు తినిపించి, డైపర్ మార్చి, పన్నెండుకు మళ్లీ బెల్టు పెట్టండి. పది నిమిషాల్లో నిద్రపోతుంది. ఇక ఆగకూడదు. మీ ఆకలి, ఫొటోలు అన్నీ తర్వాత. పిల్ల నిద్రపోయిన గంటా గంటన్నరే రోజులో మీకు దొరికే మంచి తొక్కుడు. ట్రైలర్ ఆగితే చాలా పిల్లలు లేచిపోతారు. రెండు లోపు గది దగ్గర ఉండాలి. వేసవిలో అక్కడ ఎండ ముదిరేది సాయంత్రం నాలుగు, ఆరు మధ్య. అప్పటికి నీడలో ఉంటారు.

ఎండ రోజుల్లో ట్రైలర్ మీద దుప్పటి కప్పకండి. గాలి ఆగిపోయి లోపల వేడి పెరుగుతుంది. దాంతో వచ్చిన ఎండ తెరనే వాడి రెండు పక్కలా వల కిటికీలు తెరిచి ఉంచండి.

ఊళ్ల వరస

సోమ్యూర్ నుంచి మోన్‌సోరో దాకా సుమారు 13 కి.మీ. మొదటిరోజుకు ఇది చాలు. సుజే-షాంపిన్యీ దగ్గర దారి కొండలో తొలిచిన సందులోంచి వెళ్తుంది, పిల్లలు కేకలు పెట్టి ప్రతిధ్వని వినేచోటు అది. దూరం తక్కువే గానీ ద్రాక్షతోటల మధ్య చిన్న మిట్టలు నాలుగైదు తగులుతాయి. మోన్‌సోరో పక్కనే కాండ్-సాం-మార్తాం, వియెన్ నది ల్వార్‌లో కలిసే చోటు.

అక్కడి నుంచి ఉస్సే కోట సుమారు 25 కి.మీ. నిద్రపోయిన రాజకుమారి కథ పుట్టిన కోట ఇదేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, బురుజు గదుల్లో ఆ కథను బొమ్మలతో పేర్చిపెట్టారు. మూడేళ్లు దాటిన పిల్లకు ఈ లోయలో ఇంతకంటే నచ్చే కోట లేదు. మర్నాడు బ్రెయెమోన్ మీదుగా కరకట్ట వెంట విలాండ్రీకి 25 కి.మీ. లోపే. దారి నున్నగా ఉంటుంది, నీడ మాత్రం తక్కువ. విలాండ్రీ తోటల్లో కత్తిరించిన మొక్కల దారితప్పే చిట్టడవి, పిల్లల ఆటస్థలం ఉన్నాయి. ఆ పూటంతా అక్కడికే వదిలేయండి. తర్వాత షేర్ నది వెంట తూర్ నగరానికి సుమారు 20 కి.మీ. తూర్‌లో ఒక రోజు విరామం, బట్టలుతుక్కోవడం, ఆసియా సరుకుల దుకాణం వెతుక్కుని బియ్యం, పప్పు నింపుకోవడం.

తూర్ నుంచి అంబ్వాజ్ అన్నిటికంటే పొడుగు, 27 కి.మీ. దాకా. మధ్యలో లుసో దగ్గర పెద్ద అక్వేరియం ఉంది, వాన పట్టినా ఎండ ముదిరినా తలదాచుకోవడానికి పనికొస్తుంది. అంబ్వాజ్‌లో ఇంకో విరామం తీసుకోండి. లియోనార్డో డావిన్చి చివరి మూడేళ్లు గడిపి 1519 మే 2న కన్నుమూసిన క్లో-లూసే భవనం ఇక్కడే. ఇల్లు పిల్లకు అక్కర్లేదు, వెనక తోటలో ఆయన గీసిన యంత్రాల పెద్ద నమూనాలను తిప్పి ఆడుకోవచ్చు. అంబ్వాజ్ నుంచి షోమోన్ 20 కి.మీ. పైచిలుకు. ద్రాక్షతోటల మీదుగా ఎక్కుడు దిగుడులున్నాయి కాబట్టి కిలోమీటర్లు చూసి తేలిక అనుకోవద్దు. షోమోన్‌లో 1992 నుంచి ఏటా జరిగే తోటల ఉత్సవం ఏప్రిల్ నుంచి శరదృతువు దాకా సాగుతుంది. అక్కడి నుంచి బ్లువా సుమారు 20 కి.మీ.

రోడ్డు నియమాలు

మన దగ్గర ఎడమ, అక్కడ కుడి. కదిలే వాహనాల మధ్య ఎవరూ పొరపాటు పడరు. ఆగి, నీళ్లు తాగి, ఖాళీ పల్లె రోడ్డు మీద మళ్లీ మొదలైనప్పుడే చేతులు పాత అలవాటుకు పోతాయి. ఆగిన ప్రతిసారీ బయల్దేరేముందు వెనక మనిషి 'కుడి' అని గట్టిగా చెప్పడం పనిచేసే పద్ధతి. రౌండ్అబౌట్‌లో లోపల తిరుగుతున్న వాళ్లదే దారి. గుర్తులేమీ లేని ఊరి కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చే వాహనానిదే ముందు హక్కు, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2017 మార్చి 22 నుంచి హెల్మెట్ తప్పనిసరి, సొంతంగా తొక్కినా, సీట్లో కూర్చున్నా, ట్రైలర్లో ఉన్నా. లేకపోతే వెంట ఉన్న పెద్దలకు 135 యూరోల జరిమానా. ట్రైలర్లో హెల్మెట్ వెనక మందంగా ఉంటే తల ముందుకు నెట్టుకుపోతుంది, వెనక చదునుగా ఉన్నది కొనండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు నడక వేగంతో ఫుట్‌పాత్ మీద తొక్కవచ్చు. పెద్దలు కుదరదు. చెవిలో ఇయర్‌ఫోన్లు నిషేధం. ఊరి బయట చీకట్లో, మంచులో మెరిసే జాకెట్ వేసుకోవాలి. వాహనాలు మనల్ని దాటేటప్పుడు ఊళ్లో మీటరు, ఊరి బయట మీటరున్నర దూరం వదలాలని చట్టం. ట్రైలర్ జెండా ఎత్తుగా ఉంటే వాళ్లకు దూరం నుంచే కనిపిస్తాం.

నది, పురుగులు, జ్వరం

ల్వార్ వేసవిలో మన గోదావరిలా ఇసుకతిన్నెలు బయటపెట్టుకుని, మోకాలి లోతు నీళ్లతో అమాయకంగా కనిపిస్తుంది. దిగకండి, పిల్లను అసలు దింపకండి. తిన్నె అంచు కాలి కింద ఒక్కసారిగా జారుతుంది, దాని పక్కనే లోతు, సుడి ఉంటాయి. నీళ్లాటకు ఊళ్ల ఈతకొలనులు వెతుక్కోండి.

గడ్డిలో కూర్చున్న రోజు సాయంత్రం స్నానం చేయించేటప్పుడు పిల్ల ఒళ్లంతా చూడాలి: మోకాళ్ల వెనక, గజ్జలు, చంకలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు. గోమారి లాంటి చిన్న పురుగు కరుచుకుని ఉంటే లైమ్ జబ్బు అంటవచ్చు. నూనె, నిప్పు ఏవీ పెట్టకండి. మందుల షాపులో 'తీర్-తిక్' అనే చిన్న కొక్కెం అమ్ముతారు, చర్మానికి ఆనించి మెల్లగా తిప్పుతూ తీయాలి. తేదీ రాసుకుని నెల రోజుల పాటు ఆ చోట ఎర్రగా వలయం పెరుగుతుందేమో చూడండి. పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పచ్చ సిలువ గుర్తున్నది మందుల షాపు. అత్యవసరానికి 112, నేరుగా వైద్య సాయానికి 15.

రైలు ఎక్కడం

అవసరం పడి మధ్యలో రైలెక్కాల్సి వస్తే, చిన్న స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. స్టేషన్‌కు అరగంట ముందు చేరండి. పిల్లను దించి, ట్రైలర్ చక్రాలు తీసి మడిచి, కొక్కెం నాడాతో కట్టేయండి. మడవని ట్రైలర్‌ను ఎక్కనివ్వరని అనుకునే వెళ్లండి. సంచులన్నీ సైకిళ్ల నుంచి విప్పి ఒక్కచోట పెట్టండి. సైకిల్ గుర్తున్న పెట్టె ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫాం మీద ఉద్యోగిని అడగండి. రైలు ఆగగానే ఒకరు పిల్లను ఎత్తుకుని ఎక్కి లోపల నిలబడాలి, రెండోవాళ్లు ముందు ట్రైలర్, తర్వాత సైకిళ్లు, ఆఖరున సంచులు అందించాలి. రైలు కదిలేలోపు ఏదైనా మిగిలిపోతే సంచి మిగలాలి, పిల్లా పెద్దా వేరుపడకూడదు. చాలా రైళ్లలో సైకిల్‌ను ముందు చక్రం పట్టుకుని కొక్కేనికి వేలాడదీయాలి, కాబట్టి బరువైన బుట్ట ఉంటే ముందే ఖాళీ చెయ్యండి. వేసవిలో కొన్ని రైళ్లకు సైకిల్‌కు విడిగా రిజర్వేషన్ కావాలి. టికెట్ కొనేటప్పుడే చూసుకోండి.

బ్లువాలో సైకిళ్లు అప్పగించేముందు ఒక రోజు మిగిలితే షాంబోర్ కోటకు వెళ్లి రండి, పోనూ రానూ 35 కి.మీ. పైచిలుకు. 32 కి.మీ. ప్రహరీ ఉన్న ఆ వనంలో కార్లు రాని దారులున్నాయి, పిల్ల సొంత సైకిల్ ఉంటే వదలొచ్చు. అంత ఓపిక లేకపోతే బ్లువా కోట ఎదురుగా ఇంద్రజాల భవనం దగ్గర కూర్చోండి. 1805లో ఈ ఊళ్లోనే పుట్టిన ఇంద్రజాలికుడు రాబేర్-ఊదాం పేరిట పెట్టిన ఆ ఇంటి కిటికీల్లోంచి ఆరు తలల డ్రాగన్ కొద్దిసేపటికోసారి బయటకొస్తుంది. టికెట్ అక్కర్లేదు, బయట మెట్ల మీద నుంచే కనిపిస్తుంది. అది లోపలికి పోయాక మళ్లీ ఎప్పుడొస్తుందని పిల్ల అడుగుతుంది కాబట్టి, రైలు టైముకు గంట ముందే అక్కడి నుంచి లేవండి.